రెండు వృద్ధాశ్రమాల్లో ఏది మేలో తేల్చుకోవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 76 ఏళ్లు, నరసన్నపేటలో ఒంటరిగా ఉంటున్నారు. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. షుగర్‌కి రోజుకు రెండుసార్లు ఇన్సులిన్. మనిషి పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు. మీరు హైదరాబాద్‌లో, అన్నయ్య చెన్నైలో. శ్రీకాకుళం దగ్గర ఒక హోమ్, విజయనగరం దగ్గర ఒక హోమ్ చూసి వచ్చారు. మొదటిది పాత పెంకుటిల్లు, రెండోది కొత్త బిల్డింగు, ముందు తోట, లోపల గుడి. ఫీజు ఇంచుమించు ఒకటే. దేన్ని చూసి ఎంచుకోవాలి?

రెండు చోట్లా ముందుగా రెండే అడగండి. అందరికన్నా ఎక్కువ కాలంగా మంచాన ఉన్నవాళ్లను ఒకసారి పలకరించనివ్వమనండి. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా డ్యూటీలో ఎంతమంది, మంచాన ఉన్నవాళ్లు ఎంతమంది అన్నది అంకెల్లో చెప్పమనండి. ఈ రెండిటికీ తడుముకోకుండా జవాబిచ్చిన హోమ్ వైపు మొగ్గండి, అది పెంకుటిల్లయినా సరే. తోట, గుడి బాగానే ఉంటాయిగానీ అవి తన కాళ్లమీద తాను నడిచేవాళ్లకి. మీ అమ్మగారికి కావలసింది రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి తీసుకెళ్లే మనిషి.

రాత్రి డ్యూటీ మీద ఇంత పట్టుదల ఎందుకో లెక్క వేసి చెప్తాను. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి, లేకపోతే ఒత్తిడి పడ్డ చోట చర్మం చితికి పుండ్లు పడతాయి, వాటినే బెడ్‌సోర్స్ అంటారు. తిప్పి, డైపర్ చూసి, తడిస్తే మార్చి, దుప్పటి ముడతలు సరిచేసి, కాళ్ల మధ్య దిండు పెట్టేసరికి ఇద్దరు మనుషులకి పది నిమిషాలు పడుతుంది. మంచాన ఉన్నవాళ్లు 12 మంది అనుకోండి, రాత్రి డ్యూటీలో ఇద్దరు ఆయాలు. పన్నెండు పదులు నూట ఇరవై. అంటే ఒక చుట్టు అయ్యేసరికి రెండు గంటలూ అయిపోయి రెండో చుట్టు మొదలవ్వాలి. ఈలోగా ఎవరో మంచినీళ్లు అడుగుతారు, ఎవరో బాత్రూమ్‌లో జారతారు, ఆయాలు కూడా మనుషులే గనక కాసేపు కూర్చుంటారు. కాబట్టి ఆ హోమ్‌లో రెండు గంటలకోసారి తిప్పుతున్నామని ఎవరు చెప్పినా జరిగేది మాత్రం నాలుగైదు గంటలకోసారే. మంచి పరుపు ఉండి, చర్మం బాగున్నవాళ్లకి నాలుగు గంటలు ఫరవాలేదని డాక్టర్ అనొచ్చు. కానీ అది ఆ మనిషిని చూసి తీసుకోవాల్సిన నిర్ణయం, సిబ్బంది చాలక వచ్చిపడేది కాకూడదు. నేను పెట్టుకున్న కొలత: మంచాన ఉన్న ఆరుగురికి రాత్రి ఇద్దరు. ఇది ఏ చట్టంలోనూ రాసి లేదు, పని లెక్క మీద వచ్చింది.

"మా దగ్గర 18 మంది స్టాఫ్" అని చెప్తారు. అందులో వంటవాళ్లు, వాచ్‌మన్, డ్రైవర్, ఆఫీసు అమ్మాయి, వారానికోసారి వచ్చే డాక్టర్ అందరూ ఉంటారు. మీకు కావలసింది మనిషిని ముట్టుకుని పని చేసేవాళ్ల సంఖ్య, అదీ షిఫ్టువారీగా, ఆదివారం కూడా కలిపి. గోడకు అంటించిన డ్యూటీ చార్ట్ చూపించమంటే చాలు. సిస్టర్ అని పిలిచే ప్రతివాళ్లూ నర్సు కాదు. జీఎన్ఎమ్, ఏఎన్ఎమ్, బీఎస్సీ నర్సింగ్‌లలో ఏది చదివారో, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడంలో మొహమాటం వద్దు. తిప్పడం, తినిపించడం, స్నానం చేయించడం చదువులేని ఆయా కూడా చక్కగా చేస్తుంది, చాలాసార్లు నర్సు కన్నా బాగా చేస్తుంది. ఇన్సులిన్, మూత్రం గొట్టం, ముక్కు గొట్టం మాత్రం నేర్చినవాళ్ల చేతిలోనే ఉండాలి.

ఇక మంచాన ఉన్నవాళ్లను చూడటం గురించి. ముక్కూమొహం తెలియని మీ ముందు ఇంకొకరి అమ్మ మీద దుప్పటి తీసి చూపించే హోమ్ అయితే అది మంచి గుర్తు కాదు, రేపు మీ అమ్మగారి పరువూ అంతే. మడమలు, చేతులు, ముఖం, గోళ్లు చూస్తే సరిపోతుంది. గోళ్ల కింద మట్టి, నాలుక మీద తెల్లటి పాచి, పెదాల మూలల్లో ఎండిపోయిన గంజి కనిపిస్తే ఆ మనిషి దగ్గర ఎవరూ ఐదు నిమిషాలు కూర్చోవడం లేదన్నమాట. మడమల కింద దిండు పెట్టి గాల్లో ఉంచారా, పరుపుకి ఆనించి వదిలేశారా అన్నది గమనించండి. పిక్కల కింద దిండు ఉండి మడమ దేనికీ తగలకుండా ఉంటే అక్కడ పని తెలిసిన మనిషి ఉన్నట్టు.

ఆ తర్వాత సూటిగా అడగండి: ఇప్పుడు ఎంతమందికి బెడ్‌సోర్స్ ఉన్నాయి, ఎక్కడ మొదలయ్యాయి? పదిహేనుమంది మంచాన ఉండగా "మా దగ్గర ఒక్కరికీ లేవండి" అంటే నేనైతే నమ్మను. "ఇద్దరికి ఉన్నాయి. ఒకాయన ఆస్పత్రి నుంచి నడుం మీద పుండుతోనే వచ్చారు, ఇంకో ఆవిడకి ఇక్కడే మడమ మీద వచ్చింది, రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ చేస్తున్నాం, తగ్గుతోంది" అన్న జవాబు వింటే ధైర్యం వస్తుంది.

మనిషిని ఎప్పుడెప్పుడు పక్కకు తిప్పారో రాసే చార్ట్ అడిగి చూడండి. ఇక్కడే చాలా హోమ్‌లు దొరికిపోతాయి. నిజంగా రాసిన చార్ట్‌లో రెండు మూడు పెన్నులు ఉంటాయి, అక్షరాలు మారతాయి, 2 గంటలకి బదులు 2:20 అని ఉంటుంది, మధ్యలో "డాక్టర్ వచ్చారు, తిప్పలేదు" లాంటి మాటలు కనిపిస్తాయి. రోజంతా ఒకే పెన్ను, ఒకే సంతకం, సరిగ్గా 2, 4, 6, 8 అని ఉంటే ఎవరో కూర్చుని ఒకేసారి నింపేశారు. మీరు సాయంత్రం నాలుగింటికి వెళ్లినప్పుడు రాత్రి పది గంటల గడిలో కూడా టిక్ ఉందేమో చూడండి. మందుల చార్ట్‌కీ ఇదే పరీక్ష.

చూడటానికి ఎప్పుడు వెళ్లాలన్నదీ ముఖ్యమే. మీరు ఫోన్ చేసి, పొద్దున్న పదకొండింటికి వెళ్లి, టీ తాగి వచ్చారు. అది హోమ్ అందంగా ఉండే వేళ. ఈసారి చెప్పకుండా మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్లండి, భోజనాల వేళ. ఇంకోసారి ఆదివారం సాయంత్రం. ఎవరో పుట్టినరోజుకి అన్నదానం పెట్టిన రోజు మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఆ రోజు పులిహోర, పాయసం, ఫొటోలు, శాలువాలు అన్నీ ఉంటాయి. నిజానికి ఆ రోజుల్లోనే షుగర్ ఉన్నవాళ్లకి స్వీటు పెట్టకుండా ఎవరు ఆపుతున్నారని అడగాలి. దాత చేతులారా తినిపిస్తుంటే ఆయా అడ్డు చెప్పలేదు, దానికి మేనేజర్ ఉండాలి.

భోజనాల దగ్గర ఏం పెట్టారన్నది కాసేపు పక్కన పెట్టి ఎలా పెడుతున్నారో చూడండి. పక్షవాతం వచ్చినవాళ్లకి ముద్ద మింగడం కష్టమవుతుంది, అన్నం కన్నా పలచటి మంచినీళ్లే ఎక్కువ పొలమారతాయి. తినిపించేటప్పుడు మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం కిందికి ఉండాలి, ముద్ద చిన్నదిగా ఉండాలి, ముందుది మింగాకే రెండోది పెట్టాలి. ఒక మనిషికి 20 నుంచి 30 నిమిషాలు పట్టే పని ఇది. ఒకే ఆయా నలుగురిని వరుసగా కూర్చోబెట్టి ఒక్కొక్క ముద్ద పెట్టుకుంటూ పోతుంటే, పడుకోబెట్టి గంజి పోస్తుంటే, అక్కడ ఊపిరితిత్తుల్లోకి అన్నం పోయి న్యుమోనియా రావడం ఎప్పుడో ఒకప్పుడు ఖాయం. మెత్తగా, కాస్త చిక్కగా ఉండే తిండి మంచిది. మన వైపు చోడి (రాగి) అంబలి దీనికి బాగా పనికొస్తుంది, మజ్జిగ మరీ పలచగా కలపకపోతే. షుగర్ ఉన్నవాళ్లకి దాన్నీ కొలత ప్రకారమే పోయాలి.

అదే సమయంలో ఎవరినైనా మంచం మీంచి కుర్చీలోకి మారుస్తుంటే కదలకుండా నిలబడి చూడండి. మీ అమ్మగారి విషయంలో దీనంత పనికొచ్చే పరీక్ష ఇంకోటి లేదు. పని తెలిసినవాళ్లు వీల్‌చైర్‌ని మనిషికి బలం ఉన్న వైపు పెడతారు, బ్రేకులు వేస్తారు, కాళ్లు పెట్టుకునే పలకలు మడుస్తారు, నడుం దగ్గర పట్టుకుని లేపుతారు. తెలియనివాళ్లు చచ్చుబడిన చెయ్యి పట్టుకుని లాగుతారు, లేకపోతే చంకల్లో చేతులు పెట్టి ఎత్తుతారు. పక్షవాతం వచ్చిన భుజానికి కండల పట్టు ఉండదు, నాలుగు రోజులు అలా లాగితే కీలు కిందికి జారుతుంది. ఆ నొప్పితో మనిషి వ్యాయామం మానేస్తుంది, వ్యాయామం మానేస్తే మంచానికి అంటుకుపోతుంది. కాలింగ్ బెల్లు, మంచినీళ్ల గ్లాసు కూడా ఆవిడ కుడి చేతికి అందేలా ఉండాలి. ఎడమ వైపు గోడకి ఉన్న బెల్లు ఆవిడకి లేనట్టే.

పెంకుటింటికి ఉన్న పెద్ద లోపం గడపలు. వీల్‌చైర్ గడప దాటదు. ర్యాంపు వేశారా, బాత్రూమ్ తలుపు వెడల్పు కనీసం 80 సెంటీమీటర్లు ఉందా, కమోడ్ పక్కన గోడకి కడ్డీ ఉందా, ఉంటే కుడి వైపు ఉందా చూడండి. టేపు పట్టుకెళ్లి కొలవండి, నవ్వితే నవ్వనివ్వండి.

వాసన గురించి అందరూ చెప్తారు, కొంచెం సరిచేసి చెప్పాలి. ఒక గదిలో అప్పుడే వచ్చిన మూత్రం వాసన తప్పు కాదు, ఎవరో ఇప్పుడే తడిపారు, పది నిమిషాల్లో మారుస్తారు. పరుపుల్లో, గోడల్లో ఇంకిపోయిన పాత ఘాటు వాసన వేరు. అలాగే కళ్లు మండేంత ఫినాయిల్ వాసన వస్తే దేన్నో కప్పుతున్నారేమో అని అనుమానించండి.

షుగర్ సంగతి మేనేజర్‌ని కాదు, ఆయాని అడగండి. "అమ్మా, చెమటలు పట్టి, వణుకుతూ, మాట తడబడితే ఏం చేస్తావు?" అని. షుగర్ చూస్తాను, 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇస్తాను, పావుగంటకి మళ్లీ చూస్తాను, తర్వాత ఏదైనా తినిపిస్తాను, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యను, 108కి ఫోన్ చేస్తాను అనాలి. ఈ మాటల్లోనే చెప్పనక్కర్లేదు. "సిస్టర్‌ని పిలుస్తాను" అంటే సరే, ఆ సిస్టర్ రాత్రి ఉంటుందా అన్నది తర్వాతి ప్రశ్న. హోమ్‌లలో షుగర్ పడిపోవడానికి మామూలు కారణం ఇన్సులిన్ ఏడింటికి వేసేసి టిఫిన్ ఎనిమిదిన్నరకి పెట్టడం. మామూలు ఇన్సులిన్ చాలావాటికి అరగంటలో తిండి పడాలి. రెండో కారణం రాత్రి ఏడింటికి భోజనం పెట్టి మళ్లీ పొద్దున్న ఎనిమిదిదాకా ఏమీ ఇవ్వకపోవడం. పడుకునే ముందు పాలు ఇస్తారా అని అడగండి. పక్షవాతం వచ్చిన మనిషిలో షుగర్ పడిపోతే మగతగా ఉంది, నిద్రపోతోంది అనుకునే ప్రమాదం ఎక్కువ.

నిద్ర మాట వచ్చింది గనక ఇదీ చూడండి. పొద్దున్న పదకొండింటికి హాల్లో సగంమంది తలలు వాల్చి తూగుతుంటే అది ప్రశాంతత కాదు. మతిమరుపు ఉన్నవాళ్లు రాత్రి కేకలు వేస్తారని క్వెటియాపిన్, లోరజెపామ్ లాంటి మాత్రలు వేసి పడుకోబెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఒక్కొక్కసారి ఆ మాత్రలు అవసరమే, డాక్టర్ రాసి, మోతాదు పెట్టి, కొన్ని వారాలకి మళ్లీ చూడాలి. చీటీ లేకుండా ఇస్తే మాత్రం అది మాత్రతో కట్టేయడమే. మణికట్ల మీద గుడ్డతో కట్టిన ఒరిపిడి గుర్తులున్నాయేమో కూడా ఓ కన్నేయండి.

ఇది చదివే ఉద్దానం వాళ్లకి ఒక మాట. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్లను చేరుస్తుంటే మామూలు కొలతలు కొన్ని తిరగబడతాయి. అందరికీ "నీళ్లు బాగా తాగించండి" అంటాం, డయాలసిస్ మనిషికి నీళ్లు కొలిచి ఇవ్వాలి. ఒళ్లు నొప్పులంటే కిడ్నీకి చేటు చేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పొడిచే చోటికి అసలు పంపకండి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లే వాహనం, తోడు మనిషి ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

శ్రీకాకుళమా, విజయనగరమా అన్నదానికి వస్తే: పక్షవాతం ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రావచ్చు. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు, ఎంత ముందైతే అంత మంచిది. కాబట్టి రాత్రి ఒంటిగంటకి మూతి వంకర పోతే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, అక్కడ ఆ వేళకి సీటీ స్కాన్, డాక్టర్ ఉంటారా అని అడగండి. శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి, రాగోలులో జెమ్స్ ఉన్నాయి. విజయనగరం వైపు ప్రభుత్వ ఆస్పత్రి, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. పెద్ద కేసయితే విశాఖకి పంపుతారు, విజయనగరం నుంచి ఆ దారి బాగా తక్కువ. హైదరాబాద్, చెన్నైల నుంచి రైల్లో వచ్చేవాళ్లకీ విజయనగరమే సులువు. కానీ నరసన్నపేటలో మీ చిన్నమ్మగారు ఉన్నారని రాశారు. వారానికోసారి చెప్పకుండా వచ్చి, గంట కూర్చుని, వీపు చూసి వెళ్లే ఒక బంధువు ఉన్న చోట సిబ్బంది ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. మిగతావి సమానంగా తూగితే నేను ఆవిడకి దగ్గరగా ఉన్న శ్రీకాకుళం హోమ్ వైపే మొగ్గుతాను. ఎప్పుడైనా లోపలికి రానిస్తారా, ఆదివారం నాలుగు నుంచి ఐదు దాకానేనా అన్నది మాత్రం ముందే తేల్చుకోండి. గేటు దగ్గరే ఆపి హాల్లోకి మనిషిని తీసుకొచ్చి చూపించే చోట చేర్చకండి.

తుపాను సంగతి మన జిల్లాల్లో వదిలేయకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి. కరెంటు పోతే బోరు మోటారు ఆగుతుంది, ఎయిర్ బెడ్ (పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు) పంపు ఆగుతుంది, ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్ ఆగుతుంది. జనరేటర్ ఉందంటే మీ ఎదురుగా ఒకసారి ఆన్ చేయించండి, డీజిల్ ఎంత నిల్వ పెడతారో అడగండి.

గూగుల్‌లో స్టార్లు చూశామన్నారు. అమెరికాలో ప్రభుత్వమే 2008 నుంచి నర్సింగ్ హోమ్‌లకి (అక్కడ ఆ మాటకి ఆస్పత్రి అని కాదు, ఇలాంటి సంరక్షణ హోమ్ అని అర్థం) ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇస్తోంది, తనిఖీలు, సిబ్బంది, అక్కడున్నవాళ్ల ఆరోగ్యపు కొలతలు చూసి. గూగుల్ స్టార్లకీ వాటికీ సంబంధం లేదు. ఇవి చాలావరకు కేకు కోయడానికి వచ్చినవాళ్లు ఇచ్చినవి. హోమ్ ఏ సొసైటీ, ఏ ట్రస్టు పేరు మీద ఉందో, చివరిసారి తనిఖీ ఎప్పుడైందో అడగండి. జిల్లాలో విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసు ఉంటుంది, అక్కడ ఆ పేరు చెప్పి విచారించండి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కీ ఫోన్ చేయొచ్చు.

ఒప్పందంలో అన్నిటికన్నా ముందు చూడాల్సిన వాక్యం: పూర్తిగా మంచాన పడితే ఉంచుకుంటారా? చాలా హోమ్‌లు "తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లకే" అని ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసుకుంటాయి. మీ అమ్మగారు ఇప్పుడు నాలుగడుగులు వేస్తున్నారు గనక చేర్చుకుంటారు. ఒకసారి జారిపడి తుంటి విరిగితే, ఆస్పత్రి నుంచి తిరిగి తీసుకోం అంటారు. అప్పుడు మీరు హైదరాబాద్‌లో కూర్చుని మూడు రోజుల్లో ఇంకో చోటు వెతుక్కోవాలి. మంచాన పడితే ఫీజు ఎంత పెరుగుతుంది, డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ ఫీజులో కలిసే ఉన్నాయా, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు, ఆస్పత్రిలో పక్కన ఎవరుంటారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఆస్తి కాగితాలు, పింఛను ఏటీఎం కార్డు హోమ్ చేతికి ఇవ్వొద్దు. ఆధార్, వైద్య సేవ కార్డులకి జిరాక్సులు చాలు. ఎన్టీఆర్ భరోసా పింఛను వస్తుంటే, చోటు మారాక ఎలా అందుతుందో మీ సచివాలయంలో ముందే కనుక్కోండి.

చేర్చిన రోజు చేయాల్సినవి: బరువు తూచి రాయించండి. వీపు కింది భాగం, తుంట్లు, రెండు మడమలు ఫొటో తీసి తేదీతో దాచుకోండి. తర్వాత ప్రతి నెలా అదే కాటా మీద బరువు. నెలలో 5 శాతం, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే ఎవరూ సరిగ్గా తినిపించడం లేదు, లేకపోతే కొత్త జబ్బేదో ఉంది. ఏదైనా డాక్టర్ చూడాలి. మీ చిన్నమ్మగారికి ఒక పని నేర్పండి: చర్మం మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పక్క మారిస్తే చాలు. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, అక్కడ చుట్టుపక్కల కన్నా వేడిగా, గట్టిగా తగులుతుందేమో చేత్తో చూడాలి. ఆ చోట నూనె రాసి మర్దనా చేయకూడదు, లోపల చితికిపోతుంది.

ఎయిర్ బెడ్ ముందే కొనాలా అని చివర్లో అడిగారు. అమ్మగారు పగలు కుర్చీలో కూర్చుంటున్నంతకాలం తొందర లేదు, మంచి ఫోమ్ పరుపు చాలు. కుర్చీలో దిండు వేసి, గంటకోసారి లేపి నిలబెట్టాలి. మధ్యలో చిల్లున్న రబ్బరు రింగు మాత్రం కొనకండి, చుట్టూ రక్తం ఆపేసి కొత్త పుండు తెస్తుంది. ఎయిర్ బెడ్ కొనే రోజు వస్తే, మనిషి పడుకున్నాక తుంటి కింద, పరుపు అడుగున చెయ్యి పెట్టి చూడండి. ఎముక చేతికి తగులుతుంటే గాలి చాలడం లేదు, పంపు తిప్పి పెంచాలి.